రెండు యుద్ధాల నడుమ బెర్లిన్: రాత్రి జీవితానికో టూరు, రాజకీయానికో టూరు అవసరమా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు ఒకసారి చెప్పుకుంటాను. అక్టోబరు మధ్యలో నాలుగు రోజులకు మీ దంపతులిద్దరూ, అరవై అయిదేళ్ల అమ్మగారితో కలిసి బెర్లిన్ వస్తున్నారు. 1918కీ 1933కీ నడుమ ఈ నగరం ఎలా బతికిందో గైడుతో తిరిగి చూడాలన్నది మీ కోరిక. మీ శ్రీమతికి క్యాబరేలు, నాటకశాలలు, మూకీ సినిమాల మీద ఆసక్తి, మీకేమో రాజకీయ చరిత్ర మీద ఆసక్తి. కనుక ఒక రాత్రి జీవితం టూరు, ఒక రాజకీయ చరిత్ర టూరు విడివిడిగా తీసుకోవాలా, అమ్మగారు అంత నడవగలరా అని అడిగారు.

నేను ఈ ఊళ్లో పదమూడేళ్లుగా ఉంటున్నాను. సోమవారం నుంచి శుక్రవారం వరకు కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమే అయినా, ఏడేళ్లుగా శని ఆదివారాల్లో సరిగ్గా ఈ కాలం మీదే నడక టూర్లు చేయిస్తున్నాను, ఇతరులు చేయించే టూర్లలో డబ్బు కట్టి నడుస్తున్నాను కూడా. నా సమాధానం సూటిగా చెప్పాలంటే, రెండు టూర్లు విడివిడిగా తీసుకోకండి. ఆ పదిహేనేళ్ల బెర్లిన్‌లో పాట, తాగుడు, నాట్యం ఒక వీధిలోనూ, జెండాలు, లాఠీలు, తుపాకులు మరో వీధిలోనూ ఉండేవి కావు. వాటిని విడదీసి అమ్మే టూరులో మీ ఇద్దరికీ సగం కథే దక్కుతుంది.

నొల్లెండోర్ఫ్‌ప్లాట్జ్ కూడలినే తీసుకోండి. యూబాన్ (మెట్రో రైలు) స్టేషన్ మెట్లు దిగి రోడ్డు దాటితే 1906లో కట్టిన పాత నాటకశాల భవనం కనిపిస్తుంది. ఇప్పుడు దాని పేరు మెట్రోపోల్, సంగీత కార్యక్రమాలు జరుగుతుంటాయి. 1927లో ఎర్విన్ పిస్కాటర్ అనే దర్శకుడు వేదిక మీద సినిమా తెరలు, కదిలే పట్టాలు పెట్టి వామపక్ష నాటకాన్ని కొత్తగా నిలబెట్టింది ఈ భవనంలోనే. అదే భవనంలోని మోట్సార్ట్ హాలు సినిమా హాలుగా నడిచేది. 1930 డిసెంబరు 5 సాయంత్రం అక్కడ యుద్ధ వ్యతిరేక అమెరికన్ చిత్రం ఒకటి ఆడుతుండగా, గోబెల్స్ పంపిన నాజీ గుంపు టికెట్లు కొనుక్కొని మరీ లోపల కూర్చొని, కంపు కొట్టే బాంబులు విసిరి, తెల్ల ఎలుకలను వదిలి ఆటను ఆపించింది. గొడవలు రోజుల తరబడి వీధుల్లో సాగాయి. చివరికి దాడి చేసినవాళ్లను అణచడానికి బదులు, డిసెంబరు 11న సినిమానే నిషేధించారు. ఈ ఒక్క భవనం ముందు పావుగంట నిలబడి ఈ మూడు విషయాలనూ కలిపి చెప్పగల గైడు దొరికితే మీ శ్రీమతి ప్రశ్నకూ మీ ప్రశ్నకూ ఒకేసారి జవాబు దొరికినట్టే.

అక్కడి నుంచి మోట్జ్‌స్ట్రాసె మీదుగా నాలుగైదు నిమిషాలు నడిస్తే కాల్క్‌రాయ్త్ వీధి మలుపులో ఎల్డొరాడో క్లబ్బు ఉన్న చోటు వస్తుంది. స్త్రీ వేషంలో పురుషులు, పురుష వేషంలో స్త్రీలు, వారిలో ఎవరు ఎవరో పోల్చుకోలేక తికమకపడే ప్రేక్షకులు, ఇదీ ఆ క్లబ్బు ఆకర్షణ. ఇప్పుడు అక్కడ ఒక సేంద్రియ కిరాణా దుకాణం ఉంది, పేరులో మాత్రం ఎల్డొరాడోను నిలుపుకున్నారు. టూర్లన్నీ ఇక్కడ ఆగుతాయి, అందరూ ఫొటోలు తీసుకుంటారు. కానీ చాలామంది గైడులు చెప్పని సంగతి ఒకటుంది. ఎల్డొరాడోకు వచ్చేవారిలో పెద్ద భాగం అప్పట్లోనే పర్యాటకులు, డబ్బున్నవారు, వింత చూడవచ్చినవారు. స్వలింగ ప్రేమికులైన సామాన్య బెర్లిన్‌వాసులు వెళ్లే చోట్లు వేరు, అవి చిన్నవి, చవకైనవి, బయటివారికి తెలియనివి. 1931లోనే కుర్ట్ మోరెక్ అనే రచయిత బెర్లిన్ చీకటి వినోదాల గురించి పూర్తి స్థాయి గైడు పుస్తకం అచ్చు వేయించాడు. అంటే మీరు ఇప్పుడు తీసుకోబోతున్న టూరుకు తొంభై ఏళ్లకు పైబడిన వంశవృక్షం ఉందన్నమాట. ఈ నగరం తన రాత్రులను అమ్ముకోవడం ఆ రాత్రులు గడుస్తుండగానే మొదలుపెట్టింది.

ఎల్డొరాడోను మూయించింది నాజీలేనని చాలా టూర్లలో వింటారు. పని మొదలైంది అంతకుముందే. 1932 జూలైలో ఛాన్సలర్ ఫాన్ పాపెన్, బెర్లిన్ కూడా భాగమైన ప్రష్యా రాష్ట్ర ప్రభుత్వాన్ని పడగొట్టి దాని పోలీసును తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ తరువాత బెర్లిన్‌కు వచ్చిన కొత్త పోలీసు అధిపతి నైతికత పేరుతో స్వలింగ జంటల నాట్యాలను నిషేధించే చర్యలకు దిగాడు. 1933 మార్చి నాటికి అదే భవనం ముఖం మీద హిట్లరుకు ఓటు వేయమనే పోస్టర్లు, స్వస్తిక జెండాలు ఉన్న ఫొటో ఒకటి ప్రసిద్ధం. దాన్ని చూపించే గైడు 1932 జూలై సంగతి కూడా చెబుతాడో లేదో గమనించండి. చెబితే అతను చదువుకొని వచ్చినవాడు.

పక్కనే నొల్లెండోర్ఫ్ వీధి 17వ నంబరు ఇల్లు. ఆంగ్ల రచయిత క్రిస్టఫర్ ఇషర్‌వుడ్ 1930 చివరి నుంచి 1933 వరకు అక్కడ అద్దెకున్నాడు, గోడ మీద ఫలకం ఉంది. ఇంగ్లిషు టూర్లలో అధిక భాగం ఈ ఫలకం చుట్టూనే తిరుగుతాయి. అది తప్పు కాదు గానీ, నలభై లక్షలకు పైగా జనాభా ఉన్న నగరాన్ని ఒక విదేశీ యువకుడి కిటికీలోంచి మాత్రమే చూపించడం నాకెప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది. స్టేషన్ గోడ మీద ఉన్న గులాబీ రంగు త్రికోణపు ఫలకాన్ని మాత్రం తప్పక చూడండి. అది నాజీ శిబిరాల్లో చనిపోయిన స్వలింగ ప్రేమికుల స్మారకం, 1989లో పెట్టారు.

ఇక గైడును ఎంచుకునే సంగతి. జర్మనీలో గైడు వృత్తికి లైసెన్సు అక్కరలేదు, ఎవరైనా రేపటి నుంచి గైడునని బోర్డు పెట్టుకోవచ్చు. అందువల్ల చాలా మంచివారూ ఉన్నారు, అట్టముక్క మీద నాలుగు ఫొటోలు అంటించుకొని తిరిగేవారూ ఉన్నారు. ఉచితం అని ప్రకటించే టూర్లు నిజానికి చివర టిప్పు మీద నడుస్తాయి. చాలాచోట్ల గైడు తాను తీసుకువచ్చిన ప్రతి మనిషికీ సంస్థకు ఇంత అని కట్టాలి, అందుకే ముప్పై మందినైనా వెంటేసుకుంటాడు. పన్నెండు మందికి మించని, ముందే ధర చెప్పే టూరును వెతకండి. టూరు వారికి రాసేటప్పుడు రెండు విషయాలు అడగండి: కథను 1918 నవంబరు నుంచి మొదలుపెడతారా లేక 1924 నుంచా, కార్మిక వాడల ప్రస్తావన ఉంటుందా లేదా. స్వర్ణ యుగం అని పేరుబడినది 1924 నుంచి 1929 దాకా, అంటే అటూ ఇటూ అయిదేళ్లు మాత్రమే. ఆ అయిదేళ్లకే పరిమితమయ్యే టూరులో ముత్యాల హారాలు, పొడవాటి సిగరెట్ గొట్టాలు తప్ప ఇంకేమీ మిగలదు. ఆ కాలపు దుస్తులు వేసుకొని వచ్చే గైడుల పట్ల నాకు వ్యతిరేకత లేదు. కానీ ఒకసారి అలాంటి టూరులో నడుస్తుండగా, జూ దగ్గర నిలబడిన ఒక భవనాన్ని చూపించి రొమానిషెస్ కఫే ఇదేనన్నాడు గైడు. ఆ కాఫీ హోటలు 1943 బాంబు దాడిలో బూడిదైంది, దాని చోట ఇప్పుడు యూరోపా సెంటర్ అనే వ్యాపార సముదాయం ఉంది. నోరు మూసుకొని ఊరుకున్నాను, ఇంటికి వచ్చాక సంస్థకు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు.

ఈ పొరపాటు ఎందుకు జరుగుతుందో అర్థం చేసుకోవచ్చు. మీరు చూడబోయేదానిలో చాలా భాగం ఇప్పుడు లేదు. పోట్స్‌డామర్ ప్లాట్జ్‌లో 1928లో తెరిచిన హౌస్ ఫాటర్లాండ్ అనే వినోద భవనంలో ఒక్కో అంతస్తుకో దేశం ఉండేది: అమెరికా గోవుల కాపరుల బారు, టర్కీ కాఫీ గది, రైన్ నది ఒడ్డున కూర్చున్నట్టు అమర్చిన హాలు. ఆ హాల్లో దీపాలు ఆర్పి, ఉరుములు మెరుపులతో కృత్రిమంగా వాన కురిపించేవారు. దాని శిథిలాలను 1976లో తొలగించారు. అక్కడ ఇప్పుడు 1924 నాటి ట్రాఫిక్ సిగ్నల్ గోపురానికి నమూనా ఒకటి నిలబడి ఉంటుంది. సైకిలు పందాలూ, రాజకీయ సభలూ ఒకే కప్పు కింద జరిగిన స్పోర్ట్‌పలాస్ట్‌ను 1973లో పడగొట్టారు, దాని చోట ఒక భారీ నివాస సముదాయం లేచింది. అలెగ్జాండర్‌ప్లాట్జ్ దగ్గర ఎర్ర కోట అని జనం పిలిచిన పోలీసు ప్రధాన కార్యాలయం చోట ఇప్పుడు గులాబీ రంగు షాపింగ్ మాల్ ఉంది. కాబట్టి ఇక్కడ గైడు పని ఖాళీ స్థలం ముందు నిలబెట్టి అక్కడ ఏముండేదో కళ్లకు కట్టించడం. అది చేతకానివాడే కనిపించిన పాత భవనానికల్లా కథ అంటిస్తాడు.

మిగిలినవి కూడా లేకపోలేదు, వాటిని అమ్మగారి కోసం దాచుకోండి. ఆగస్ట్ వీధిలో 1913లో మొదలైన క్లెర్‌హెన్స్ బాల్‌హౌస్ ఇప్పటికీ నడుస్తోంది. కింద నాట్యశాల, పైన యుద్ధపు మచ్చలు అలాగే వదిలేసిన అద్దాల హాలు. అక్కడ కూర్చొని భోజనం చేస్తే ఆవిడకు విశ్రాంతి, మీకు చరిత్ర. హాన్స్ పోల్జిగ్ రూపకల్పనలో 1929లో తెరిచిన బాబిలోన్ సినిమా హాల్లో ఆనాటి ఆర్గాన్ వాద్యం ఇంకా ఉంది. మూకీ సినిమాను ఆ వాద్యం తోడుగా చూపించే ఆటలు అప్పుడప్పుడు ఉంటాయి, మీరు వచ్చే వారం పట్టికలో ఉంటే మిగతావన్నీ మానుకొనైనా వెళ్లండి. మన ఊళ్లలో మూకీ సినిమాలకు పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడని పెద్దలు చెప్పగా విన్నవారికి, ఇక్కడ ఆ పనిని ఒక వాద్యం చేయడం బాగుంటుంది. నీ నాటకశాలలు నాకెందుకురా అని ఆవిడ అన్నా ఇది మాత్రం నచ్చుతుందని నా నమ్మకం.

బాబిలోన్ హాలు ఉన్న కూడలి పేరు ఇప్పుడు రోజా లక్సెంబర్గ్ ప్లాట్జ్, అప్పట్లో బ్యూలోప్లాట్జ్. నా దృష్టిలో ఈ నగరంలో ఆ కాలాన్ని చదవడానికి ఇంతకన్నా మంచి పేజీ లేదు. మధ్యలో కార్మికుల చందాలతో కట్టుకున్న ఫోక్స్‌బ్యూనె నాటకశాల, 1914 నాటిది. ఒక పక్క సినిమా హాలు. మరో పక్క కార్ల్ లీబ్‌నెక్ట్ హౌస్, 1926 నుంచి కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కార్యాలయం. 1931 ఆగస్టు 9 సాయంత్రం ఇదే కూడలిలో, బాబిలోన్ హాలు దాపునే, పౌల్ అన్లావుఫ్, ఫ్రాన్స్ లెంక్ అనే ఇద్దరు పోలీసు అధికారులను కమ్యూనిస్టు యువకులు కాల్చి చంపారు. కాల్చినవారిలో ఒకడైన ఎరిక్ మీల్కె ఆ తరువాత తూర్పు జర్మనీ రహస్య పోలీసు శాఖకు దశాబ్దాల పాటు మంత్రిగా ఉండి, జర్మనీ ఏకమయ్యాక 1993లో ఈ హత్యలకే శిక్ష పడి జైలుకు వెళ్లాడు. సినిమాకు వచ్చినవాళ్లు, సభకు వచ్చినవాళ్లు, కొట్లాటకు వచ్చినవాళ్లు ఒకే ట్రాము దిగి ఈ కూడలిలోకి వచ్చేవారు.

కూడలికి పడమటి వైపు సందులు షోయ్‌నెన్‌ఫీర్టెల్. పోలెండు, రష్యాల నుంచి వచ్చిన పేద యూదులు ఇరుకు గదుల్లో ఉండిన పేట. 1923 నవంబరు 5న, రొట్టె ధర గంట గంటకూ పెరుగుతున్న రోజుల్లో, గుంపులు ఈ సందుల మీద పడి యూదుల దుకాణాలను లూటీ చేసి మనుషులను కొట్టాయి. ఆ నెలలోనే ఒక అమెరికన్ డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు పలికాయి. బెర్లిన్ రాత్రులు విదేశీయులకు అంత చవకగా దొరకడానికి మూలం ఇదే. పింఛను మీద బతికే ముసలమ్మ పియానో అమ్ముకొని బంగాళదుంపలు కొనుక్కుంటున్న ఊళ్లో, జేబులో పది డాలర్లున్న పరాయి దేశస్థుడు రాజాలా తిరగగలిగాడు. వేశ్యావృత్తిలోకి అంతమంది యువతులు, యువకులు వచ్చి పడడానికి కూడా కారణం ఆకలే. దీన్ని విచ్చలవిడితనం అని కళ్లు మెరిపిస్తూ చెప్పే గైడుతో నాకు పేచీ ఉంది. ఆ మాటనే తిట్టుగా వాడి నాజీలు ఓట్లు తెచ్చుకున్నారు, ఇప్పుడు దాన్నే పొగడ్తగా వాడి టికెట్లు అమ్ముతున్నారు.

ఆ పేటలో ములక్ వీధిలో ములక్‌రిట్జె అనే చిన్న తాగుడు కొట్టు ఉండేది. దొంగలు, వేశ్యలు, నటులు, స్వలింగ ప్రేమికులు ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు. భవనాన్ని తూర్పు జర్మనీ కాలంలో కూల్చేశారు గానీ, లోపలి బల్లలు, కౌంటరు, సామాను మొత్తం షార్లోట్టె ఫాన్ మాల్స్‌డోర్ఫ్ అనే పాత వస్తువుల సేకర్త కాపాడి తన మ్యూజియంలోకి తెచ్చుకున్నారు. నగరానికి తూర్పు చివర మాల్స్‌డోర్ఫ్‌లో ఆ గది ఇప్పటికీ ఉంది. ఎస్5 రైలు ఎక్కితే వెళ్లవచ్చు. మ్యూజియం వారంలో కొన్ని రోజులే తెరుస్తారు కనుక ముందుగా చూసుకోండి. ఆనాటి రాత్రి జీవితంలో చేత్తో తాకగలిగే దూరంలో మిగిలినదేదంటే నేను ముందు చెప్పేది ఈ గదినే. అయినా టూర్లేవీ అంత దూరం పోవు.

రాజకీయ కథ మొదలు కోసం మీకు గైడు అక్కరలేదు, ఒక మధ్యాహ్నం చాలు. జూ స్టేషన్ దిగి ల్యాండ్వేర్ కాలువ గట్టు వెంట నడవండి. 1918 నవంబరు 9న కైజరు, అంటే జర్మన్ చక్రవర్తి, గద్దె దిగాడు, అదే రోజు సోషల్ డెమోక్రాట్ నాయకుడు షైడెమాన్ పార్లమెంటు భవనం నుంచి, విప్లవ వామపక్ష నాయకుడు కార్ల్ లీబ్‌నెక్ట్ రాజప్రాసాదం నుంచి రెండు వేర్వేరు రిపబ్లిక్‌లు ప్రకటించారు. రెండు నెలలు తిరగక ముందే, 1919 జనవరి 15 రాత్రి, లీబ్‌నెక్ట్‌నూ, అతని సహచర విప్లవ నాయకురాలు రోజా లక్సెంబర్గ్‌నూ సైనికాధికారులు ఈడెన్ హోటలుకు పట్టుకువచ్చి, కొట్టి, చంపారు. రోజా శవాన్ని ఈ కాలువలో పడేశారు, అది మే నెలాఖరుకు గానీ తేలలేదు. గట్టు మీద ఆమె పేరును పెద్ద లోహపు అక్షరాలుగా నిలబెట్టారు, అక్షరాలు గట్టు నుంచి నీటిలోకి దిగుతున్నట్టు ఉంటాయి. ఊళ్లో కాల్పులు ఆగనందువల్లే రాజ్యాంగ సభ వైమార్ అనే చిన్న పట్టణానికి తరలిపోయింది, రిపబ్లిక్‌కు ఆ పేరు అలా అంటుకుంది. సమయం ఉంటే ఉత్తరాన వెడ్డింగ్ పేటకు కూడా వెళ్లండి. 1929 మే 1న ఊరేగింపుల మీద నిషేధం విధించిన పోలీసు అధిపతి త్సోర్గీబెల్ సోషల్ డెమోక్రాట్. మూడు రోజుల్లో పోలీసు కాల్పులకు ముప్పై మందికి పైగా పౌరులు చనిపోయారు. కమ్యూనిస్టులూ సోషల్ డెమోక్రాట్లూ నాజీలను ఎందుకు కలిసి ఎదుర్కోలేకపోయారని టూర్లలో అందరూ అడిగే ప్రశ్నకు జవాబులో పెద్ద పాలు ఇక్కడి కోస్లీనర్ వీధిలో ఉంది.

క్యాబరే గురించి మీ శ్రీమతికి ఒక మాట. అప్పటి క్యాబరే అంటే అర్ధనగ్న నాట్యం అని మనవైపు పేరుబడింది, దానికి మన సినిమాలూ కొంత కారణం. బెర్లిన్‌లో ఆ పదానికి ముఖ్యార్థం వ్యంగ్యం: చిన్న వేదిక, ఒక పియానో, రాజకీయ నాయకుణ్ణి ఎగతాళి చేసే పాట, మధ్యలో ప్రేక్షకులతో ముచ్చట్లు. ఈకలు కట్టుకున్న నర్తకీమణులు వరుసగా నిలబడే పెద్ద ప్రదర్శనను రెవ్యూ అనేవారు. దానికి ఫ్రీడ్రిక్ వీధిలోని అడ్మిరల్స్‌పలాస్ట్ పేరు మోసింది, ఆ భవనం ఇంకా ఉంది. కుర్‌ఫ్యుర్‌స్టెండామ్ మీద నెల్సన్ థియేటర్‌లో 1925 డిసెంబరు 31న జోసెఫిన్ బేకర్ నాట్యం చేసింది. వ్యంగ్య క్యాబరేలకు పాటలు కట్టినవారిలో, పాడినవారిలో యూదులు ఎందరో ఉన్నారు. 1933 తరువాత చాలామంది దేశం విడిచి పోయారు, పోయినవారిలోనూ అందరూ బతకలేదు. 1928లో షిఫ్‌బావర్‌డామ్ నాటకశాలలో నాటకకర్త బ్రెక్ట్, సంగీతకర్త వైల్‌ల సంగీత నాటకం తొలి ప్రదర్శనలో పాడిన కుర్ట్ గెరోన్ 1944లో ఔష్విట్జ్‌లో హత్యకు గురయ్యాడు. ఆ నాటకశాల ఇప్పుడు బెర్లినర్ ఆన్‌సాంబ్ల్. భాష రాకపోయినా ఒక సాయంత్రం లోపల కూర్చొని రండి, హాలు ఆనాటిదే.

తెలుగువారు వచ్చినప్పుడు నేను మామూలు దారి తప్పి తీసుకువెళ్లే చోటు ఒకటుంది. ఫ్రీడ్రిక్ వీధి దక్షిణపు చివర, 24వ నంబరు. 1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో నెహ్రూ కూడా పాల్గొన్న మహాసభలో పుట్టిన సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘానికి అంతర్జాతీయ కార్యాలయం ఇక్కడ ఉండేది. దాన్ని నడిపినవారిలో ముఖ్యుడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ, 1880లో హైదరాబాదులో పుట్టినవాడు, సరోజినీ నాయుడు తమ్ముడు. వాళ్ల నాన్న అఘోరనాథ్ చటోపాధ్యాయ హైదరాబాదులో నెలకొల్పిన కళాశాలే తరువాత నిజాం కాలేజీ అయింది. చట్టో అని అందరూ పిలిచిన ఈయన 1914లో బెర్లిన్ చేరి, యుద్ధకాలంలో భారత విప్లవకారుల సంఘంలో పని చేశాడు. ఇరవైలలో అమెరికన్ పాత్రికేయురాలు ఆగ్నెస్ స్మెడ్లీతో కొన్నేళ్లు కలిసి జీవించాడు. 1931లో మాస్కో వెళ్లాడు, 1937లో స్టాలిన్ ప్రభుత్వం ఆయనను కాల్చి చంపింది. నేను డబ్బు కట్టి నడిచిన టూర్లలో ఒక్కటీ అక్కడ ఆగలేదు. బంజారాహిల్స్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు ఆ వీధిలో పది నిమిషాలు మౌనంగా నిలబడిపోయి, మా కాలేజీ మూలపురుషుడి కొడుకా, మాకెవరూ చెప్పలేదే అన్నారు.

హైదరాబాదులోనే పుట్టిన జాకిర్ హుస్సేన్ 1926లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. రామ్‌మనోహర్ లోహియా 1933లో ఉప్పు పన్ను మీద ఇక్కడే పరిశోధన పూర్తి చేశారు, అంటే హిట్లరు అధికారంలోకి రావడాన్ని కళ్లారా చూసి వెళ్లారు. విశాఖపట్నం వాల్తేరులో 1908లో పుట్టిన దేవికా రాణి, భర్త హిమాంశు రాయ్‌తో కలిసి వచ్చి ఉఫా స్టూడియోలో సినిమా పని నేర్చుకున్నారు. ఆ స్టూడియో బాబెల్స్‌బెర్గ్‌లో ఉంది. అది పోట్స్‌డామ్ కిందికి వస్తుంది కనుక నగరపు ఏబీ టికెట్ చెల్లదు, సీ జోన్ కూడా కలిసిన టికెట్ తీసుకోవాలి.

నాలుగు రోజులను ఎలా పంచుకోవాలంటే, నొల్లెండోర్ఫ్‌ప్లాట్జ్ చుట్టుపక్కల బస చేయండి. వచ్చిన రోజు సాయంత్రం ఆ చుట్టుపక్కలదే అయిన షోనెబెర్గ్ పేట టూరు తీసుకోండి. అక్టోబరు మధ్యలో ఆరు దాటగానే పొద్దు గూకుతుంది, నాలుగున్నరకు మొదలయ్యే టూరైతే సగం వెలుతురులో, సగం దీపాల్లో నడుస్తారు. రెండో రోజు పగలు రోజా లక్సెంబర్గ్ ప్లాట్జ్, షోయ్‌నెన్‌ఫీర్టెల్ టూరు, రాత్రి క్లెర్‌హెన్స్‌లో భోజనం. మూడో రోజు టూరు వద్దు. పొద్దున కాలువ గట్టు నడక మీ ఇద్దరే చేయండి, అమ్మగారిని నిద్రపోనివ్వండి. మధ్యాహ్నం ముగ్గురూ బెర్లినిషె గాలరీకి వెళ్లండి. హన్నా హోక్ వంటి డాడా (సంప్రదాయాన్ని ఎగతాళి చేసిన కళోద్యమం) కళాకారుల పనులు, ఆ కాలపు చిత్రాలు అక్కడ ఉన్నాయి, కూర్చోవడానికి బల్లలూ ఉన్నాయి. మంగళవారం సెలవు. నాలుగో రోజు మాల్స్‌డోర్ఫ్, లేదా బ్రిట్స్ పేటలో వాస్తుశిల్పి బ్రూనో టావుట్ గుర్రపు నాడా ఆకారంలో కట్టిన కార్మిక గృహాలు. రాత్రి క్లబ్బుల వైభవం తప్ప ఆ రిపబ్లిక్ ఇంకేం చేసిందని అడిగేవారికి ఆ ఇళ్లు చూపిస్తాను: నీళ్లు, తోట, ఎండ తగిలే గది ఉన్న అద్దె ఇల్లు సామాన్యుడికి. 2008లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నడక టూర్లు రెండు నుంచి మూడు గంటలు సాగుతాయి, నిలబడే సమయమే ఎక్కువ. అమ్మగారికి మోకాళ్ల నొప్పి ఉంటే ముందే రాయండి. సగంలో కాఫీ హోటలులో ఆగే వీలున్న, మీ ముగ్గురికి మాత్రమే చేయించే టూరును కొందరు గైడులు ఇస్తారు, ముగ్గురికి ఖర్చు ఎక్కువే అయినా మీ విషయంలో అది తగినదే. రాళ్లు పరిచిన కాలిబాటలు, చెప్పకుండా వచ్చే వాన, కాబట్టి జారని బూట్లు. దారి పొడవునా నేలలో అరచేతి అంత ఇత్తడి పలకలు కనిపిస్తాయి, ఆ ఇంట్లో ఉండి నాజీల చేతిలో పోయినవారి పేర్లు అవి. వంగి చదవడానికి గైడు ఆగకపోతే మీరే ఆగండి.

చివరి రాత్రికి ఒక్క చోటు మిగిల్చి పెట్టాను. మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే వైద్యుడు 1919లో టీర్‌గార్టెన్ పక్కన లైంగిక విజ్ఞాన సంస్థను స్థాపించాడు. స్వలింగ సంబంధాలను శిక్షించే 175వ సెక్షను రద్దు కోసం జీవితమంతా పోరాడాడు, 1931లో భారతదేశానికి కూడా వచ్చాడు. 1929 అక్టోబరులో పార్లమెంటు సంఘం ఒకటి రద్దుకు అనుకూలంగా ఓటు వేసింది గానీ అది చట్టం కాలేదు. 1933 మే 6న నాజీ విద్యార్థులు ఆ సంస్థ మీద పడి గ్రంథాలయాన్ని ఎత్తుకుపోయారు. నాలుగు రోజుల తరువాత ఆ పుస్తకాలు ఒపేరా ముందున్న మైదానంలో మంటల్లో పడ్డాయి. ఇప్పుడు దాని పేరు బేబెల్‌ప్లాట్జ్. నేల మీద ఒక గాజు పలక, దాని కింద తెల్లని ఖాళీ అరలున్న గది, 1995లో మీఖా ఉల్‌మాన్ అనే శిల్పి చేసినది. పగలు వెళితే గాజు మీద ఆకాశమే కనిపిస్తుంది, గది కనిపించదు. చీకటి పడ్డాక వెళ్లండి, లోపలి దీపం వెలుగుతుంటుంది. అక్కడి నుంచి హౌస్‌ఫోగ్టైప్లాట్జ్ స్టేషన్ అయిదారు నిమిషాల నడక, యూ2 ఎక్కితే మధ్యలో మారనక్కరలేకుండా నొల్లెండోర్ఫ్‌ప్లాట్జ్‌లో దిగవచ్చు.